అద్దం మీద అరచెయ్యి

పనివాళ్ళ హాస్టల్, పదకొండో నంబరు గది
మార్చి 5

అద్దం మీద చెయ్యి పెట్టింది నువ్వే బాబాయ్. పెట్టి, నా పని ఆపించి, జనంలో కలిసిపోయి లిఫ్టెక్కి దిగిపోయావు. ఐదు రోజులైంది. నోరు మెదపలేదు.

ఎలా ఉన్నావని అడగను. నాలుగుసార్లు ఫోన్ చేస్తే నాలుగుసార్లూ ‘వినపడట్లేదు, వినపడట్లేదు’ అని పెట్టేశావు. నాకు మాత్రం నీ షాపులో మిషను తిరిగే చప్పుడు కూడా వినపడింది. కాగితం దగ్గర ఆ వేషాలు కుదరవు, అందుకే రాస్తున్నాను. ఎప్పట్లా తప్పులకి ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టి తిప్పి పంపావో, ఊరుకోను.

శనివారం పొద్దున పదింటికి మేం అరవై రెండో అంతస్తు తూర్పు వైపు అద్దాల మీద ఉన్నాం. జనం టిక్కెట్టు కొనుక్కుని ఊరంతా చూడ్డానికి ఎక్కే డెక్కు అదే. మేం బయట తాళ్ళకి వేలాడుతూ తుడుస్తుంటే లోపల ఆ వైపంతా పసుపు రిబ్బను కట్టేస్తారు. రిబ్బను అవతల మా కంపెనీ మనిషి ఒక్కడే ఉంటాడు. గాలికి వైర్‌లెస్‌లో గరగర తప్ప ఏమీ వినపడదు, అంత మందం అద్దంలోంచి మాట రాదు. అందుకని చేతి గుర్తులు. వేలి కణుపులతో రెండుసార్లు తడితే అంతా బాగుందని. అరచెయ్యి ఆనించి మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఉంచితే ప్రమాదం, వెంటనే ఆపి పైకి రమ్మని. ఆ చెయ్యి ఎవరిదని చూడకూడదు. ఎందుకని అడక్కూడదు. ముందు ఆగాలి, తర్వాత అడగాలి. మాకు మొదటిరోజు చెప్పే మొదటి పాఠం అదే.

అరచెయ్యి కనపడింది. చూపుడువేలికి పై కణుపు లేదు. మొహం కంటే ముందు చెయ్యే గుర్తుపట్టాను. నాకు ఏడేళ్ళప్పటినుంచి ఆ చెయ్యి పట్టుకుని నడిచినదాన్ని, గుర్తుపట్టనా? అయినా ఆలోచించలేదు. పైకి సైగ చేశాను. మేస్త్రి ఈల వేశాడు. ఐదుగురం పైకి వెళ్ళిపోయాం. డెక్కు మీద ఉన్న మూడొందల మందిని పసిపిల్లలతో సహా కిందికి దింపేశారు. తీరా చూస్తే తాడుకేం కాలేదు, కొక్కేనికేం కాలేదు, ఎవరికీ ఏమీ కాలేదు.

మా లోపలి మనిషి ఆ టైములో టీకి వెళ్ళాడు. వెళ్ళానని ఒప్పుకుంటే ఉద్యోగం పోతుంది. అందుకని ‘నేనక్కడే ఉన్నా, ఎవ్వరూ చెయ్యి పెట్టలేదు’ అని సంతకం పెట్టేశాడు. కెమెరా లిఫ్టు వైపు చూస్తుంటుంది. సేఫ్టీ ఆఫీసరమ్మ నన్ను కూర్చోమని కూడా అనకుండా అడిగింది: “భయమేసి ఆపావా? ఒప్పుకుంటే సరిపోతుంది కదా.”

నాకు భయం! నాకు!

తాడు మీద పనిచేసే కార్డు తీసేసుకున్నారు. ఇప్పుడు కింద లాబీలో గాజు తలుపులు తుడుస్తున్నాను. నేను ఒక పక్క తుడుస్తుంటే జనం ఇంకో పక్క ముక్కు ఆనించి లోపలికి చూస్తారు. ఈ నెల ముప్పైలోగా సాక్షి దొరక్కపోతే కార్డు రద్దు. రెండేళ్ళ కష్టం బూడిద.

చెయ్యి చూశానన్నాను గానీ అది మా బాబాయిదని చెప్పలేదు. చెప్తే ‘మీ వాళ్ళని తెచ్చుకుని నాటకమాడావా’ అంటారు. ఆ మాట ముందు నీ దగ్గర్నుంచి రావాలి.

రాయి.


కుట్టుమిషన్ల రిపేరు షాపు
మార్చి 9

చిరంజీవి పిడుగుకి,

నీ ఉత్తరం చేరింది. ఎర్ర పెన్సిలు తీయలేదు. తీసి ఉంటే మొదటి పేజీకి జ్వరం వచ్చినట్టుండేది, అది వేరే సంగతి.

అమ్మా, నువ్వు చూసిన చెయ్యి నాదేనని అంత గట్టిగా ఎలా అంటావు? వేలు తెగినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణేనా? మన వీధి చివర రంపం మిల్లులోనే నలుగురున్నారు. వాళ్ళలో ఒకాయనకి పది దాకా లెక్కపెట్టాలంటే పక్కవాడి సాయం కావాలి. వాళ్ళకి మాత్రం ఎత్తు నుంచి ఊరు చూడాలని ఉండదా?

నా సంగతి నీకు తెలుసు. ఇంట్లో బల్బు మార్చాలంటే స్టూలెక్కేది మీ పిన్ని. స్టూలు పట్టుకునేది నేను, అది కూడా కళ్ళు మూసుకుని. అలాంటివాణ్ణి అరవై రెండో అంతస్తుకి వస్తానా? చెప్పేదానికైనా అర్థం ఉండాలి.

పైగా ఆ శనివారం నాకు ఊపిరాడని పని. కాజాలు కుట్టే మిషను ఒకటి వచ్చింది. దారం మింగేస్తోంది. సూది మార్చాను, నూనె వేశాను, పళ్ళ చక్రం విప్పి తోమాను. ఊహూఁ, మాట వినదు. అచ్చం నీ పోలికే.

ఇంతకీ లాబీలో ఏసీ ఉంటుందా? కూర్చోడానికి కుర్చీ ఇస్తారా? గాజు తలుపులు తుడవడం కూడా పనే కదమ్మా. అద్దం ఎక్కడున్నా అద్దమే. కొన్నాళ్ళు అలా చల్లగా చేసి చూడు. అలవాటైతే ఏది పైనో ఏది కిందో మనసుకి తెలీదు.

సరిగా తింటున్నావా లేదా అని పిన్ని అడుగుతోంది.

మీ బాబాయి


పనివాళ్ళ హాస్టల్
మార్చి 12

బాబాయ్,

రంపం మిల్లు వాళ్ళ జోలికి వెళ్ళకు. పాపం వాళ్ళేం చేశారు.

టిక్కెట్టు కౌంటర్లో కూర్చునే ఆవిణ్ణి అడిగాను. నువ్వు ఆవిడకి బాగా గుర్తున్నావు. ఎందుకుండవు? అరవై రెండో అంతస్తుకి కాకుండా పదో అంతస్తు దాకా టిక్కెట్టు ఇస్తారా అని అడిగినవాడివి ఆవిడ సర్వీసులో నువ్వొక్కడివేనట. లిఫ్టు ఆగిపోతే మెట్లున్నాయా అని మూడుసార్లు అడిగావట. టిక్కెట్టు చేతిలో పట్టుకుని లిఫ్టు దగ్గర అరగంట నిలబడి, వెనకొచ్చిన వాళ్ళందర్నీ ‘మీరు వెళ్ళండి, మీరు వెళ్ళండి’ అని ముందుకి పంపావట. “ఎవరో చాలా మర్యాదస్తుడు” అంది ఆవిడ.

జనం మర్చిపోయిన వస్తువులు పెట్టే గదికి కూడా వెళ్ళాను. నీ కళ్ళజోడు డబ్బా అక్కడుంది. తెరిచి చూపించమన్నాను. లోపల కళ్ళజోడు లేదు. రెండు బాబిన్లు, దారం ముక్క, పదహారో నంబరు సూది ఒకటి. రంపం మిల్లు వాళ్ళు జేబులో బాబిన్లు వేసుకు తిరుగుతారా?

లాబీలో ఏసీ ఉంది. కుర్చీ లేదు. ఏసీ ఎవడిక్కావాలి?

నేను ఏడో తరగతి దగ్గర ఆపేసినదాన్ని. తాడు ముళ్ళు నాకెవరూ చేయి పట్టుకుని నేర్పలేదు. నాకు రాని భాషలో పుస్తకం ఇచ్చారు. బొమ్మలు చూసి, మంచం కోడుకి కట్టీ విప్పీ, కట్టీ విప్పీ నేర్చుకున్నాను. గదిలో వాళ్ళు ‘మంచాన్ని బందీ చేసింది’ అని నవ్వేవాళ్ళు. పరీక్షనాడు పద్దెనిమిది మందిలో ఆరుగురమే మిగిలాం. ఆ కార్డు మీద నా ఫొటో, దాని కింద ‘స్వతంత్రంగా పనిచేయవచ్చు’ అని ఒక లైను, దాని మీద గుండ్రటి స్టాంపు. నా గురించి ఎవరైనా రాసి స్టాంపు వేసిన మంచిమాట ఈ లోకంలో అదొక్కటే బాబాయ్. దాన్ని ఆఫీసరమ్మ సొరుగులో పడేసి తాళం వేసింది.

వచ్చావా లేదా? ఒక్క మాట. మిషను కబుర్లు వద్దు.


కుట్టుమిషన్ల రిపేరు షాపు
మార్చి 15

పిడుగూ,

సరే. వచ్చాను.

చెప్పి వస్తే నువ్వు నీతో పనిచేసేవాళ్ళందరితో కలిసి నవ్వుతావని చెప్పకుండా వచ్చాను. రెండేళ్ళుగా రమ్మంటున్నావు, ‘ఒక్కసారి వచ్చి చూడు బాబాయ్, ఊరంతా మడతపెట్టి జేబులో పెట్టుకోవచ్చనిపిస్తుంది’ అని రాశావు. ఎన్నాళ్ళని మోకాళ్ళ నొప్పులు చెప్పను?

లిఫ్టులో కళ్ళు మూసుకున్నాను. చెవులు మూసుకుపోయాయి. ఎవరిదో చెయ్యి తగిలితే గట్టిగా పట్టుకున్నాను. అవతలి మనిషీ అంతే గట్టిగా పట్టుకుంది. తలుపు తెరుచుకున్నాక చూస్తే నా వయసు ఆవిడే. ఇద్దరం చేతులు వదిలేసి, ఏమీ జరగనట్టు చెరో పక్కకి వెళ్ళిపోయాం.

పైన గోడలు కాదు కదా తల్లీ, అంతా అద్దమే. నేను మధ్యలో ఉన్న స్తంభాన్ని పట్టుకుని, దాని చుట్టూ తిరిగి చూశాను. స్తంభం బాగుంది. తర్వాత నువ్వెక్కడున్నావో చూద్దామని తూర్పు వైపు రిబ్బను కింద నుంచి దూరాను, అది నా తప్పు. అక్కడ కళ్ళు తిరిగాయి. పడిపోకుండా అద్దానికి చెయ్యి ఆనించాను. అంతే. ఆ గుర్తులూ గొడవా నాకేం తెలుసు? ఈలలు, అరుపులు వినపడేసరికి నాకూ భయమేసి అందరితో పాటు దిగిపోయాను.

నీ ఆఫీసుకి రాస్తాను. రాయనని ఎవరన్నారు? కాకపోతే ఆఫీసుకి వెళ్ళే కాగితం కదా, షాపులో ఉన్నదంతా గీతల కాగితం. మంచి కాగితం కొనాలి. పెన్ను కూడా ఇంకు కక్కుతోంది. వచ్చేవారం చూద్దాం. తొందరపడితే దారం తెగుతుంది.

మీ బాబాయి

అమ్మడూ, నేను పిన్నిని. పోస్టులో వెయ్యమని ఇస్తే, కవరు అంటించలేదు కదా అని చదివాను. కళ్ళు తిరిగాయని నాతో చెప్పలేదు, ఆ రోజు వస్తూనే ముసుగు తన్ని పడుకున్నాడు. అన్నం కూడా వద్దన్నాడు. ఆయన మీద మరీ కోపం పెట్టుకోకు. నువ్వంటే ఎంత గొప్పో నీకు తెలీదు. నువ్వు శిక్షణలో ఉన్నప్పుడు చేతి గుర్తులు బొమ్మలు గీసి పంపావు చూడు, ఆ కాగితం ఇప్పటికీ షాపు గోడ మీదే ఉంది. అంచులు చిరిగితే టేపు వేశాడు. మిషను తెచ్చిన ప్రతివాళ్ళకీ ‘ఇదేమో ఆగిపొమ్మని, ఇదేమో బాగుందని’ అని పాఠం చెప్పాల్సిందే. పాలు పోసే ఆయన కూడా వెళ్ళేటప్పుడు తలుపు మీద రెండుసార్లు తట్టి వెళ్తాడు. ఉంటాను.


పనివాళ్ళ హాస్టల్
మార్చి 17

నువ్వు పిన్ని రాసింది చదవలేదు. చదివి ఉంటే నీ ఉత్తరం నా దాకా వచ్చేది కాదు.

కాగితం సంగతి నేనే మర్చిపోయాను. పడక మీద బోర్లా పడుకుని, నా చెయ్యే కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీశాను. కింద రాశాను, ‘ఇది చూస్తే ఏ పనిలో ఉన్నా ఆపేస్తాం బాబాయ్, కాబట్టి నువ్వేం భయపడకు’ అని. నువ్వు నిద్రపోవాలని గీసి పంపాను దాన్ని.

ఆ గుర్తు పాలాయనకి కూడా తెలుసు. నీకు తెలీదు!

కళ్ళు తిరిగినవాడు అద్దానికి చెయ్యి వేస్తాడు, తీస్తాడు, తడుముకుంటాడు. నీ చెయ్యి కదల్లేదు. వేళ్ళు విడదీసి, నేను గీసిన బొమ్మలో ఉన్నట్టే పెట్టావు. మూడు అంకెలూ నిండేదాకా ఉంచావు.

ఎందుకు? కాగితం కొనలేదనీ పెన్ను కక్కుతోందనీ రాశావంటే ఆ ఉత్తరం విప్పకుండా తిప్పి పంపుతాను.


కుట్టుమిషన్ల రిపేరు షాపు
మార్చి 20

పిడుగూ,

నీ ఉత్తరం మీ పిన్నికి చదివి వినిపించాను. చదవడం అయ్యాక ఆమె లేచి వెళ్ళి గోడ మీది కాగితం తీసి, మడిచి, నా ముందు పెట్టింది. తిడితే బాగుండేది.

ఉన్నది చెప్తాను.

రిబ్బను దాటి అద్దం దగ్గరికి వెళ్ళాను. కళ్ళు తిరగలేదు. నిజానికి అప్పటికి భయం కాస్త తగ్గింది కూడా. కింద బస్సులు బాబిన్లంత ఉన్నాయి. ఇంతేనా అనుకున్నాను. అప్పుడు అద్దం పై అంచు నుంచి రెండు బూట్లు దిగాయి. వాటి అడుగుభాగం కనపడింది. ఎడమ బూటు మడమ దగ్గర కుట్టు చూశాను. పోయిన చలికాలం నేను వేసిన కుట్టు. బూటు అడుగున నేల తప్ప ఇంకోటి ఉండదనుకున్నాను ఇన్నాళ్ళూ. దాని కింద ఏమీ లేదు పిడుగూ. ఏమీ లేదు.

తర్వాత నువ్వు దిగావు. పక్క తాడు మీద ఉన్నవాడు ఏదో అంటే నవ్వుతున్నావు. అలా నువ్వు నవ్వగా మన ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు. గాలికి తాడు ఇంత జరిగింది. నువ్వు కాలితో అద్దాన్ని అలా తన్ని, మళ్ళీ వచ్చావు, ఆడుకున్నట్టు.

నా చెయ్యి దానంతటది లేవలేదు. నేనే ఎత్తాను. మూడు లెక్కపెట్టాను. నీ కాగితంలో ఎలా ఉందో అలాగే. నువ్వు నన్ను చూశావు, నీ నవ్వు పోయింది, ‘ఎందుకు’ అని కూడా అడక్కుండా పైకి వెళ్ళిపోయావు. నేను చెప్పిన మాట నువ్వు ఒక్కసారికే వినడం అదే మొదటిసారి. ఒక్క నిమిషం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అమ్మయ్య, దిగిపోయింది అనుకున్నాను. తర్వాత ఈలలు మొదలయ్యాయి.

సాక్ష్యం ఎందుకు రాయలేదంటే, కేసు పెడతారని కాదు. పెట్టుకోనీ. నేను రాస్తే నీ కార్డు నీకొస్తుంది. కార్డు వస్తే మళ్ళీ ఎక్కుతావు. నేను నోరు మూసుకుంటే ముప్పయ్యో తారీకుతో నువ్వు నేల మీద ఉండిపోతావు. తిట్టుకుంటూ ఉంటావు, కానీ ఉంటావు. మీ నాన్న పోయాక నిన్ను తెచ్చుకున్నప్పుడు నాకు పెంచడం రాదు. మిషన్లు బాగుచెయ్యడం ఒక్కటే వచ్చు. ఏది పడిపోతుందో దాన్ని బిగించడం, అంతే తెలుసు.

కాగితం కొన్నాను. తెల్లది. పెన్ను కూడా బాగానే రాస్తోంది. ఇంకా రాయలేదు.

బాబాయి


పనివాళ్ళ హాస్టల్
మార్చి 23

నిన్న లాబీలో ఒకావిడ తలుపుకి అరచెయ్యి ఆనించి నిలబడింది, ఎవరికోసమో చూస్తూ. అవతల నేను తుడుస్తున్నాను. ఆ చెయ్యి చూసి నేను ఆగలేదు. ఆవిడ మొహం వైపు చూశాను.

ఇది నీకు అర్థమవుతుందో లేదో. రెండేళ్ళలో నేనెప్పుడూ ఆగకముందు మొహం చూడలేదు. చెయ్యి కనపడితే ఒళ్ళు దానంతటదే ఆగిపోయేది. అంత కష్టపడి నేర్చుకున్నాను. నిన్న నేల మీద నిలబడి, ‘ఎవరిదీ చెయ్యి? నిజమేనా?’ అని చూశాను. తాడు మీద అలా ఒక్క క్షణం చూస్తే ఏమవుతుందో చెప్పనా? ఆ గుర్తుతో ఎవరూ అబద్ధం ఆడరు కాబట్టే అది పనిచేస్తుంది బాబాయ్. పన్లోకి వచ్చిన కొత్తవాళ్ళు కూడా దాంతో పరాచికాలాడరు. ఆడింది నువ్వు. నన్ను క్షేమంగా ఉంచుదామని, నన్ను క్షేమంగా ఉంచే ఒక్కదాన్నీ పాడుచేశావు.

బిగించడం తెలుసన్నావు. బిగించలేదు. వదులు చేశావు.

ఇంకోటి. నువ్వు నోరు మూసుకుంటే నేను నేల మీద ఉండిపోతానని ఎవరు చెప్పారు? కార్డు రద్దయితే వేరే ఊళ్ళో, వేరే కంపెనీలో మళ్ళీ మొదటి ముడి నుంచి నేర్చుకుంటాను. ఇంకో మంచం కోడు దొరక్కపోదు. అప్పుడు ఏ అంతస్తు మీద ఉన్నానో నీకు రాయను. బొమ్మలు పంపను. నువ్వు ముసుగు తన్ని పడుకున్న ప్రతిరోజూ నేను ఎక్కడో ఒకచోట వేలాడుతుంటాను, ఎక్కడో నీకు తెలీదు. అది కావాలా?

నవ్వడం చూశావు కదా. మరి అక్కడ నీకు కనపడాల్సింది అదే. బూటు కింద చూశావు.

మేస్త్రికి అంతా చెప్పాను. ముందు నోటికొచ్చినట్టు తిట్టాడు, నిన్ను కాదు, నన్నే. తర్వాత అడిగాడు, “మీ బాబాయి మళ్ళీ ఎక్కుతాడా?” చచ్చినా ఎక్కడని చెప్పాను. “ఎక్కితే లోపలి మనిషి పక్కన నిలబడనిస్తా, చేతులు జేబులో పెట్టుకుంటే” అన్నాడు. ఆఫీసరమ్మతో తనే మాట్లాడతానన్నాడు. టిక్కెట్టు కౌంటరావిడ నువ్వు వచ్చావని చెప్తానంది. చెయ్యి పెట్టావని మాత్రం నువ్వే చెప్పాలి.

కాబట్టి విను. ఆ తెల్ల కాగితం మీద రాయి: ఫలానా రోజు, ఫలానా టైముకి, రిబ్బను దాటి, గుర్తు తెలిసే, కావాలనే అరచెయ్యి పెట్టాను, అమ్మాయి నేర్పినట్టే ఆగింది, తప్పు నాది. ‘కళ్ళు తిరిగి’ అని ఎక్కడా రాయొద్దు. దానికి వాళ్ళేం శిక్ష వేసినా పడు. నీ పక్కన నేను నిలబడతాను, ఆ మాటకి తిరుగులేదు. ఉత్తరం ఇరవై ఎనిమిదో తారీకు సాయంత్రం ఐదింటిలోగా సేఫ్టీ ఆఫీసరమ్మ బల్ల మీద ఉండాలి. పిన్నికిచ్చి పంపకు, నువ్వే తెచ్చి ఇవ్వు.

కార్డు వచ్చాక మొదటి శనివారం పొద్దున పదింటికి తూర్పు వైపుకి రా. స్తంభం వదిలెయ్. నేను దిగి నీ ఎదురుగా ఉన్న అద్దం తుడుస్తాను. అప్పుడు నువ్వు నా ముడి చూడు, బెల్టు చూడు, కొక్కెం మర బిగిసి ఉందో లేదో చూడు. మిషను చూసినట్టు చూడు, నీకు ఆ చూపు ఉంది. అంతా బాగుంటే జేబులోంచి చెయ్యి తీసి రెండుసార్లు తట్టు. బాగాలేకపోతే అరచెయ్యి పెట్టు, ఆగిపోతాను. నీ చెయ్యి చూసి మళ్ళీ ఆలోచించకుండా ఆగిపోవాలి నేను. అది నువ్వు పాడుచేశావు, నువ్వే బాగుచెయ్యాలి.

గోడ మీంచి తీసిన కాగితం మళ్ళీ అంటించు.

వస్తున్నావో లేదో ఒక్క మాట రాయి. ఇరవై ఏడో తారీకు టపాలో నాకు అందాలి.